చిన్న తొట్టి చేపలు

ఏప్రిల్ 23, ధర్మవరం

ఎడమ తొడ ఎముకలో రాడ్డు వేశారు. ఆరు వారాలు ఆ కాలు నేలకు ఆనించకూడదట. కంబదూరులో ఒక్కదాన్నే ఉండలేనని చెల్లెలు రేఖ తన ఇంటికి తెచ్చేసింది. కింది గది ఇచ్చారు. పక్కింట్లో రెండు మగ్గాలు. పొద్దున ఏడింటికి మొదలైన చప్పుడు ఇప్పుడే ఆగింది.

జారింది నా చేపల షెడ్డులోనే, పాచి మీద. ఆ పాచి గీకమని అక్కడ పనిచేసే తిప్పమ్మకు చెప్పాను. చెప్పాననే అనుకుంటున్నాను.

ఫోనులో అన్నీ కనిపిస్తున్నాయి. పెద్ద తొట్టి నీళ్లు 29 డిగ్రీలు, చిన్న తొట్టి 28. ఆక్సిజన్ ఆరుకు పైనే ఉంది. మోటార్లన్నీ నడుస్తున్నాయి. ఇంకేం కావాలి.

ఏప్రిల్ 24

తిప్పమ్మకు ఈరోజు పదకొండు సార్లు ఫోన్ చేశాను. పదకొండోసారి, "నేను చూస్తాండా కదమ్మా, నువ్వు కాలు చూసుకో" అంది.

ఏప్రిల్ 27

రేఖ భర్త వేణుగోపాల్ భోజనం దగ్గర అడిగాడు. చీరల వ్యాపారం ఆయనది. దేని సంగతైనా రెండు ప్రశ్నల్లో తేల్చుకుంటాడు.

"వదినా, చేపల నీళ్లతో మందు చెట్లా?"

చెప్పాను. చేపల మలినం నీళ్లలో కలుస్తుంది. ఆ నీళ్లు మోటారుతో గులకరాళ్ల మడుల్లోకి ఎక్కుతాయి. బ్రాహ్మి, వస, గుంటగలగర ఆ మలినాన్నే తిండిగా తీసుకుని నీళ్లు శుభ్రం చేస్తాయి. ఆ నీళ్లు మళ్లీ చేపలకే దిగుతాయి. ఆవిరైపోయినంత మేరకు బోరు నీళ్లు కలిపితే చాలు. వేరుశనగే ఎండిపోయే నేల మీద, నీటిలో తప్ప బతకని బ్రాహ్మి పండుతోంది.

"మోటారు ఆగిపోతే?"

"ఫోను మోగుతుంది. ప్రపంచంలో ఎక్కడున్నా మోగుతుంది."

పద్దెనిమిదేళ్లు ఇంటర్ పిల్లలకు బోటనీ చెప్పిన గొంతు. ఎవరైనా ప్రశ్న అడిగితే నాకింకా సంతోషంగానే ఉంటుంది.

ఏప్రిల్ 30

నాయన వచ్చి వెళ్లాడు. కళ్యాణదుర్గం అంగడి నుంచి ఎండుద్రాక్ష తెచ్చాడు. మూడు తరాలుగా మాది మూలికల అంగడి. బ్రాహ్మి ఎక్కడెక్కడి నుంచో బూజు పట్టి వస్తుంటే చూడలేక నేను ఈ పని మొదలుపెట్టాను. ఆయనకు మొక్కలంటే ఇష్టమే, చేపలంటేనే కష్టం. మూడేళ్లయినా షెడ్డులో తొట్ల వైపు వీపు తిప్పి నిలబడతాడు. మా ఇంట్లో కోడిగుడ్డు కూడా ఎరగరు.

"చెట్లు బాగుండాయి. ఆ తిప్పమ్మ బాగా చూస్తాంది" అన్నాడు.

ఫోనులో నేనూ చూస్తున్నానని చెప్పాను.

మే 2

షెడ్డు కెమెరాలో చూస్తే తిప్పమ్మ చిన్న తొట్టి పక్కన బండ మీద కూర్చుని ఉంది. ఐదు నిమిషాలు చూశాను, పది నిమిషాలు చూశాను. ఇరవై రెండు నిమిషాలు కదల్లేదు. ఫోన్ చేశాను.

"ఏం చేస్తున్నావు తిప్పమ్మా?"

"చేపల్ని చూస్తాండా."

"ఇరవై నిమిషాల నుంచా?"

ఆమె తల ఎత్తి నేరుగా కెమెరాలోకి చూసింది. మంచం మీద నేను సర్దుకుని కూర్చున్నాను, ఆమెకు నేను కనిపిస్తున్నట్టు.

"నన్నేమి చూస్తావు? చేపల్ని చూడల్ల నువ్వు. తిండి తినేటప్పుడు ఎట్ల తిరుగుతాండాయో చూస్తే వాటికి బాగుండేదీ లేంది తెలుస్తాది. నీ ఫోన్లో అది పడతాదా?"

పడదు. కానీ అంకెలు పడతాయి. అంకెలు బండ మీద కూర్చోవు.

మే 6

తిప్పమ్మ జనరేటర్ గది తాళంచెవి అడిగింది. ఎండలకు కరెంటు మాటిమాటికీ పోతోందట. తాళంచెవి నా చేతిసంచిలోనే ఉంది, ఆసుపత్రి నుంచి ఇట్లాగే వచ్చింది. ఇంతకు ముందున్న మనిషి డీజిల్ ఎట్లా మాయం చేశాడో నాకు తెలుసు. తిప్పమ్మ అట్లాంటిది అనడం లేదు. నాయన వచ్చినప్పుడు ఇచ్చి పంపిస్తాను.

మే 9

నలభై రెండు డిగ్రీలు. తొట్టి నీళ్లు 33 దాటగానే ఫోను కూస్తోంది. నిన్న నాలుగుసార్లు, ఈరోజు ఐదుసార్లు. రేఖ అత్త పూజలో ఉన్నప్పుడు కూడా. ఆమె గంట పక్కన పెట్టి నా గది వైపు చూసింది.

ప్రతిసారీ తిప్పమ్మకు చేస్తాను. ప్రతిసారీ ఆమె అప్పటికే మీద నీడగుడ్డ లాగి ఉంటుంది.

మే 11

నాయన వచ్చాడు. తాళంచెవి ఇవ్వడం మరిచాను. ఆయన బస్సెక్కాక గుర్తొచ్చింది.

మే 14

పెద్ద తొట్టి పోయింది. మొత్తం.

మే 15

జరిగింది జరిగినట్టు రాసుకోవడం మంచిది. రేపు ఎవరైనా అడిగితే సమయాలు తేడా రాకూడదు.

నిన్న మధ్యాహ్నం ఒకటిన్నరకు కంబదూరు దగ్గర ఎక్కడో తీగ తెగి కరెంటు పోయింది. గాలి మోటారు బ్యాటరీ మీద ఇరవై నిమిషాలు నడిచి ఆగింది. కరెంటు నాలుగూ నలభైకి వచ్చింది. అంత ఎండలో, అంత కిక్కిరిసిన తొట్టిలో, గాలి లేకపోతే చేపలు గంటకు మించి ఉండవు. ఐదు వందల నలభై చేపలు.

తిప్పమ్మ షెడ్డులోనే ఉంది. జనరేటర్ వేయలేదు. ఎవరినీ పిలవలేదు. నాకు చెప్పలేదు. అంతా అయ్యాక, నాలుగూ యాభైకి ఫోన్ చేసింది.

ఇక్కడ ఇంట్లో అప్పుడు వేణుగోపాల్ దగ్గర చీరలు కొనే బెంగళూరు దంపతులున్నారు. షెడ్డు గురించి అడిగితే చెబుతున్నాను, చాలా ఆశ్చర్యపోయారు. ఫోను చార్జింగులో ఉంది, పక్కనే ఉంది. అలారం రాలేదు. తిప్పమ్మ నుంచి కాల్ రాలేదు.

కోపంలో నాలుగు మాటలన్నాను. ఇక రావద్దని కూడా అన్నాను. ఎవరైనా అంటారు.

మే 16

షెడ్డుకు ఈ యంత్రాలు బిగించిన బెంగళూరు కంపెనీకి రాశాను. అలారం పనిచేయలేదు, కాబట్టి కొత్త చేపపిల్లలు వాళ్లే ఇవ్వాలి. అక్కడ నా షెడ్డు చూసేది సుష్మిత అనే ఇంజనీరు. మంచి అమ్మాయి. రికార్డులన్నీ తీసి చూసి చెబుతానంది, వారం పైన పడుతుందట.

మే 18

నాయన కంబదూరు నుంచి నేరుగా ఇక్కడికి వచ్చాడు. చొక్కా మార్చుకున్నా వాసన పోలేదు. చచ్చిన చేపల్ని తానే ఎత్తి గుంటలో పూడ్చానన్నాడు. కూలీ మనుషులు దొరకలేదట. రేఖ స్నానానికి నీళ్లు పెట్టింది. అంతసేపూ నేను గోడ వైపు చూస్తూ పడుకున్నాను.

చిన్న తొట్టి చేపలు బతికాయి. అవి తల్లిచేపలు, నూట పది. వాటి నీళ్లతోనే మడులు పచ్చగా ఉన్నాయి. మళ్లీ మొదలుపెట్టుకోవచ్చు. అదృష్టం అన్నాను.

"అదృష్టమా" అన్నాడు నాయన. తర్వాత, "తిప్పమ్మ నీకు ఫోన్ చేసినానంటాంది."

"చేయలేదు నాయనా."

"ఏడు సార్లంటాంది. తాళంచెవి కోసరం."

"చూపించమనాల్సింది."

"చూపిచ్చింది. చిన్న అక్షరాలు. నా కండ్లకు కనపడల్యా."

అని నా ముఖంలోకి చూశాడు. ఫిబ్రవరిలో ఆయనకు రెండు కళ్లకూ శుక్లాలు తీశారు. ఇప్పుడు అద్దాల్లేకుండా పేపరు చదువుతున్నాడు.

మే 19

చేయలేదు.

మే 21

ఆసుపత్రిలో కాలు చూపించుకున్నాను. షెడ్డు: నీళ్లు 30, ఆక్సిజన్ 6.1, సక్రమం. తిప్పమ్మ స్థానంలో నాయన అంగడిలో పనిచేసే మనిషి వస్తున్నాడు. గంటకోసారి సెల్‌ఫోను చూసుకుంటాడు. చేపల్ని చూడడు.

మే 24

నాయన ఫోన్ చేశాడు. ఊరి బడిలో మధ్యాహ్నం వంట చేసే ఆమె మానేసిందట. బడి తెరిచే లోపల ఇంకొకరిని పెట్టాలి. తిప్పమ్మను పెడదామని ఎప్పుడో అనుకున్నారు. ఇప్పుడు కమిటీ పెద్ద కదిరప్ప వద్దంటున్నాడట. 'ఎండకు నిద్రపోయి ఐదు నూర్ల చేపల్ని సంపిన మనిషి. పొయ్యి మీద కూడు పెట్టి నిద్రపోతే పిల్లోళ్ల గతేమి' అన్నాడట.

"నిద్రపోయిందని ఎవరు చెప్పారు వాళ్లకు?" అన్నాను.

"నువ్వే. నాతో అంటివి. నేను అంగట్లో అంటిని. అంగట్లో అన్న మాట యాడ నిలుస్తాది?"

కమిటీ వాళ్లిష్టం. నాకేం సంబంధం.

మే 25

నాకేం సంబంధం అని రాశాను నిన్న.

మే 28

సుష్మిత ఫోన్ చేసింది. చదివి వినిపించింది, మర్యాదగా, ఎక్కడా గొంతు పెంచకుండా.

"మేడమ్, పద్నాలుగో తేదీ ఒకటీ యాభై రెండుకు గాలి మోటారు ఆగిందని అలారం వెళ్లింది. ఒకటీ యాభై మూడుకు మీ ఫోను నుంచే దాన్ని ఆపేశారు. ఆరు గంటలపాటు అలారాలు వద్దని నొక్కారు. మా సిస్టమ్ సరిగ్గానే పనిచేసింది మేడమ్."

"పొరపాటున నొక్కుకుని ఉంటుంది."

"రెండుసార్లు నొక్కాలి మేడమ్. మొదటిసారి నొక్కాక, నిజంగా ఆపమంటారా అని అడుగుతుంది."

తర్వాత ఇంకో మాట చెప్పింది. కరెంటు పోయినప్పుడు కెమెరా తన బ్యాటరీ మీద నడుస్తూ లోపలి కార్డులో రికార్డు చేసుకుంటుందట. ఆ మూడు గంటలూ ఉంది. పంపమంటారా అని అడిగింది.

అవసరం లేదన్నాను.

"ఒకసారి చూడండి మేడమ్" అంది. ఆ అమ్మాయి చూసిందన్నమాట.

మే 29

ఈ పుస్తకం నేను తప్ప ఎవరూ చదవరు. మరి ఎవరికి అబద్ధం రాశాను?

బెంగళూరు వాళ్లు సోఫాలో కూర్చున్నారు. నేను వాకర్ పట్టుకుని హాల్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాను, చాలా రోజుల తర్వాత నలుగురిలో. వాళ్లలో ఆమె అడిగింది, ఇంత దూరం నుంచి అదంతా ఎట్లా చూసుకుంటారని. ఫోను చూపించి చెబుతున్నాను. ఇక్కడ నీళ్ల వేడి, ఇక్కడ ఆక్సిజన్. అప్పుడు కూసింది. వేడి అలారమే అనుకున్నాను, ఆ వారమంతా అదే కదా. కాదు. అనుకోలేదు. చూడనే లేదు. అందరూ తలలు తిప్పారు, రేఖ అత్త కూడా. నాకు సిగ్గేసింది. నొక్కాను. నిజంగా ఆపాలా అని అడిగింది. మళ్లీ నొక్కాను. ఫోను సైలెంట్‌లో పెట్టి బోర్లా తిప్పాను.

'మోటారు ఆగిపోతే ఎట్లా అండీ' అని ఆమె భర్త అడిగాడు. ఫోను మోగుతుందని చెప్పాను. అప్పటికే మోటారు ఆగి ఉంది.

వాళ్లు నాలుగున్నరకు లేచారు. ఫోను తిప్పి చూశాను. ఏడు కాల్స్, తిప్పమ్మవి. మొదటిది ఒకటీ యాభై ఐదుకు, గాలి మోటారు ఆగిన ఐదు నిమిషాలకు. తర్వాతివి రెండున్నర లోపల మూడు, మిగతావి మూడింటి లోపల. వెంటనే తిరిగి చేయలేదు. ఏమై ఉంటుందో తెలుసు కాబట్టి చేయలేదు. పావుగంట అట్లాగే పట్టుకుని కూర్చున్నాను. నాలుగూ యాభైకి ఆమే చేసింది. ఎత్తాను, తిట్టాను. పెట్టేశాక ఆ ఏడు కాల్సూ ఒక్కొక్కటిగా తుడిచేశాను.

తాళంచెవి ఇంకా సంచిలోనే ఉంది.

మే 30

రేఖకు చెప్పాను. బట్టలు మడత పెడుతూ విన్నది.

"ఇప్పుడు చెప్పి ఏం చేస్తావక్కా? చేపలు పోయింది నీవే కదా. ఆమెకు రెండు నెలల కూలి ఎక్కువిచ్చేయ్. నీ పరువు కూడా చూసుకోవల్ల. మొక్కలు చూసేదానికి జనం వస్తాండారు నీ దగ్గరికి."

"కూలి కాదు రేఖా. ఆమె నిద్రపోయిందని ఊరంతా అనుకుంటోంది."

"నువ్వు తప్పు చేసినావని అనుకుంటే బాగుంటాదా?"

బాగుండదు. నిజంగానే బాగుండదు. పద్దెనిమిదేళ్లలో పిల్లల ముందు ఒక్కసారి కూడా 'నేను చెప్పింది తప్పు' అనలేదు. చెప్పాల్సి రాలేదని అనుకునేదాన్ని.

జూన్ 1

సుష్మితను అడిగి వీడియో తెప్పించుకున్నాను. పది నిమిషాలు చూసి ఆపేశాను.

తిప్పమ్మ జనరేటర్ గది తాళం రాయితో కొడుతోంది. ఇనుప తలుపు, నేనే దగ్గరుండి చేయించాను. తాళం ఊడలేదు. ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. దించింది. రోడ్డు వైపు పరుగెత్తి ఎవరినో కేకేసింది. ఆ ఎండలో రోడ్డు మీద ఎవరుంటారు? వెనక్కి వచ్చింది. రెండు తొట్ల మధ్య నిలబడింది. అటు చూసింది, ఇటు చూసింది. ఎంతసేపో కాదు, ఊపిరి పీల్చి వదిలినంత. తర్వాత బిందె తీసుకుని చిన్న తొట్టి దగ్గరకు వెళ్లింది.

అక్కడ ఆపాను.

జూన్ 2

కంపెనీకి రాశాను. తప్పు మీది కాదు, నాది. చేపపిల్లలు పంపనక్కర్లేదు.

జూన్ 3

ఎక్స్‌రే బాగుందన్నారు. వాకర్ మీద కాలు కొద్దికొద్దిగా ఆనించవచ్చు. కంబదూరు వెళతానంటే డాక్టర్ వద్దన్నాడు, రేఖ వద్దంది.

తిప్పమ్మకు ఫోన్ చేశాను. రెండుసార్లు. ఎత్తలేదు.

జూన్ 7, కంబదూరు

నాయన కారు మాట్లాడి తెచ్చాడు. కమిటీ పదకొండింటికి బడిలో కూర్చుంటుందని కనుక్కున్నాడు. దారిలో ఎక్కువ మాట్లాడుకోలేదు. సగం దారి దాటాక అన్నాడు:

"నాకు ఆ పొద్దే తెలుసు. నువ్వే చెప్తావని కాసుకోని ఉంటి. చానా పొద్దు చేస్తివి."

"నువ్వెందుకు చెప్పలేదు వాళ్లకు?"

"నేను చెప్తే నా కూతురు అబద్ధం చెప్పిందని చెప్పినట్ల. అది నా నోట రాల్యా. అది నా తప్పు. నేనూ చెప్తా ఈపొద్దు."

బడి వరండాలో ఏడెనిమిది మంది. కదిరప్ప, హెడ్‌మాస్టరు, పిల్లల తల్లులు నలుగురైదుగురు. తిప్పమ్మ స్తంభం దగ్గర కింద కూర్చుని ఉంది. నన్ను చూసి కొంగు సర్దుకుంది, లేవలేదు. ఎప్పుడూ లేచేది.

నాకు కుర్చీ వేశారు. కూర్చోలేదు. కూర్చుంటే మళ్లీ లేవడం కష్టం, మాట కూడా కూర్చుండిపోతుందనిపించింది.

"తిప్పమ్మ నిద్రపోలేదు" అన్నాను. "నిద్రపోయిందని చెప్పింది నేను. అది అబద్ధం. నా ఫోను మోగితే నేను ఆపేశాను. ఆమె ఏడు సార్లు చేసింది. నేను ఎత్తలేదు. వారం ముందే జనరేటర్ తాళంచెవి అడిగితే ఇవ్వలేదు. చేపలు నా వల్ల చచ్చాయి. బతికినవి ఆమె వల్ల బతికాయి."

పాఠం చెప్పే గొంతు రాలేదు. సన్నగా, వేరే ఎవరిదో లాగా వచ్చింది.

నాయన నా పక్కన నిలబడి, "అంగట్లో చెప్పింది నేను. తెలిసి కూడా సరి చేయల్యా" అన్నాడు.

కదిరప్ప నన్ను, నాయనను చూసి, తిప్పమ్మ వైపు తిరిగాడు. "ఏమ్మా, ఇంత జరిగింటే నువ్వు ఆపొద్దే గట్టిగా చెప్పకూడదా?"

"చెప్తిని కదప్పా" అంది తిప్పమ్మ. "నీ ఇంటికాడికే వచ్చి చెప్తిని. చదువుకున్న అమ్మ అబద్ధమెందుకు చెప్తాదంటివి నువ్వు."

కదిరప్ప తువ్వాలుతో ముఖం తుడుచుకున్నాడు. కాసేపటికి హెడ్‌మాస్టరు కాగితం మీద ఏదో రాసి, పన్నెండో తేదీ పొద్దున ఎనిమిదికి రావాలమ్మా అని తిప్పమ్మతో అన్నాడు. ఆమె తల ఊపింది. వేలిముద్ర కాదు, సంతకం పెట్టింది. ఆమెకు సంతకం వచ్చని నాకు తెలియదు. రెండేళ్లుగా కూలి పుస్తకంలో నేనే టిక్కు పెట్టేదాన్ని.

బయటకు వచ్చేటప్పుడు ఆమె దగ్గర ఆగాను. "తిప్పమ్మా" అన్నాను. ఇంకేదో అనబోయాను.

"కాలు ఇంగా బాగు కాల్యా నీది. పో, కూర్చో పో" అంది. కోపంగానో మామూలుగానో తెలియలేదు.

జూన్ 8

రాత్రి కంబదూరు ఇంట్లోనే ఉన్నాను. నాయన వంట చేశాడు, ఉప్పు ఎక్కువైంది. పొద్దున వాకర్ పట్టుకుని షెడ్డుకు వెళ్లాను. ఏడు వారాల తర్వాత. పెద్ద తొట్టి ఖాళీ, అడుగున తెల్లటి ఉప్పు మరకలు. చిన్న తొట్టిలో చేపలు తిరుగుతున్నాయి. బ్రాహ్మి మడుల అంచు దాటి కిందికి వేలాడుతోంది. కోయాల్సిన రోజు దాటి వారమై ఉంటుంది. అంగడి మనిషికి చెప్పలేదు నేను. ఫోనులో మడులు పచ్చగానే కనిపించాయి.

పదింటికి తిప్పమ్మ వచ్చింది. పనికి వచ్చినట్టు కాదు. మంచి చీర కట్టుకుని వచ్చింది.

"ఆపొద్దుది అంతా కెమెరాలో పడిందంట కదా. నాయన చెప్పినాడు."

"అవును."

"నాకు చూపీ."

బండ మీద కూర్చుంది. నేను ప్లాస్టిక్ కుర్చీ దగ్గరకు లాక్కున్నాను. ఫోను ఆమె చేతికిచ్చి మొదలుపెట్టాను. తాళం, రాయి, రోడ్డు, బిందె. ఎండలో చిన్నగా, బూడిదరంగు చీరలో ఒక మనిషి. బిందె తొట్టిలో ముంచుతుంది, తల మీదికి ఎత్తుతుంది, పైనుంచి ధారగా పోస్తుంది. మళ్లీ ముంచుతుంది.

"నీళ్లు పైనుంచి పడితే గాలి కలుస్తాదని నువ్వే కదా చెప్పింది" అంది తెరమీది నుంచి కళ్లు తీయకుండా. "మొదట్లో. ఈడ నిలబడి చెప్పినావు. పైపు ఎందుకు అంత ఎత్తున పెట్టినావని అడిగితే."

నాకు గుర్తు లేదు.

"రెండు తొట్లూ ఒక్కదాన్నే చేయలేననుకుంటి. పెద్దదానికి నేను సాలను. తల్లిచేపలుంటే పిల్లలు మళ్లా వస్తాయి కదా అని ఇది పట్టుకుంటి." తెరమీద పెద్ద తొట్టి మీద వేలు పెట్టి, "పెద్దదాంట్లోవి పైకొచ్చి నోర్లు తెరుస్తాండె. నేను అట్ల తిరగల్యా. తిరిగితే చెయ్యి ఆగిపోతాదని."

పది నిమిషాలకు ఒకసారి ఆమె తెరమీద ఫోను తీసి చెవి దగ్గర పెట్టుకునేది. ఒక చేత్తో బిందె నడుముకు ఆనించుకుని. మూడోసారి, నాలుగోసారి. ప్రతిసారీ నేను ఎక్కడున్నానో నాకు తెలుసు. సోఫా ఎదురుగా.

అరగంటయ్యాక, "ముందుకు జరుపుదామా? ఇదే ఉంటుంది మొత్తం" అన్నాను.

"వద్దు. అంతా చూడు" అంది.

తను చూడడానికి కాదు ఆమె వచ్చింది, నాకు చూపించడానికి.

మూడు గంటలు చూశాం. నాయన ఒకసారి వచ్చి నిలబడ్డాడు. తొట్టి వైపు వీపు తిప్పలేదు. మజ్జిగ పెట్టి వెళ్లిపోయాడు. ఆమె తాగింది. నేను తాగాను. తెరమీద ఆమె రెండు గంటలు దాటాక ఎత్తడం మానేసింది, భుజం దాకానే వచ్చేది బిందె. తర్వాత చెంబుతో. ఒకసారి తొట్టి అంచు పట్టుకుని వంగి వాంతి చేసుకుంది, బయటి వైపు, నీళ్లలో పడకుండా. నోరు కడుక్కుని మళ్లీ చెంబు తీసుకుంది.

కుర్చీలో నా కాలు తిమ్మిరెక్కింది. కదల్లేదు.

నాలుగూ నలభైకి మోటారు పైపులోంచి నీళ్లు ఎగిశాయి. ఆమె చెంబు వదిలేసింది. పెద్ద తొట్టి దగ్గరకు నడిచి వెళ్లి లోపలికి చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత చీరకు చేతులు తుడుచుకుని ఫోను తీసింది. ఎనిమిదోసారి.

ఈసారి ఎత్తాను నేను. తెరలో శబ్దం లేదు. ఆమె పెదవులు రెండుసార్లు కదిలాయి, తర్వాత కదల్లేదు. నేనే మాట్లాడుతున్నాను. ఆమె నిలబడి వింటోంది. వింటూ వింటూ నెమ్మదిగా కింద కూర్చుంది.

ఏమన్నానో మే పదిహేనున రాయలేదు. ఇప్పుడు రాస్తున్నాను. 'నిద్రపోయావా' అన్నాను. 'రేపట్నుంచి ఈ చుట్టుపక్కల కనిపించొద్దు' అన్నాను. చివరికి, 'నీళ్లు మొయ్యడం తప్ప నీకేం తెలుసు' అన్నాను.

తెరలో ఆమె ఫోను దించి ఒళ్లో పెట్టుకుంది. రెండు చేతులూ పైకి తిప్పి అరచేతులు చూసుకుంది.

బండ మీద కూర్చున్న తిప్పమ్మ ఫోను నాకు తిరిగి ఇచ్చింది. "ఏమన్నావో గుర్తుండాదా?" అంది.

"ఉంది."

"చెప్పు."

చెప్పాను. మూడు మాటలూ, వరుసగా. చివరిది చెబుతూ మధ్యలో ఆగాను. ఆమె ఎదురు చూసింది. పూర్తి చేశాను.

"ఆఁ. అదే" అంది.

తర్వాత లేచి, చీర వెనక దుమ్ము దులుపుకుని, బ్రాహ్మి మడి దగ్గర ఆగి ఒక తీగ పైకెత్తి చూసింది. ముదిరిపోయిందని తెలుస్తూనే ఉంది. తీగను మడిలో తిరిగి పెట్టి, గేటు వేసి వెళ్లింది.